పాత సిమెంటు రేకులు దించే ముందు

హైదరాబాద్ పాత ఇళ్ల సిమెంటు రేకుల్లో ఎక్కువగా ఆస్‌బెస్టాస్ ఉంటుంది, అంటే పీలిస్తే ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెచ్చే ఖనిజ పోగు. పగలగొట్టినా, గ్రైండర్ పెట్టినా కంటికి కనిపించని పోగులు లేస్తాయి. బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చెంచాలు కలిపి, దించే ముందు రేకుల మీద సన్నగా చల్లండి. సబ్బు లేకపోతే నీళ్లు ఇంకక జారిపోతాయి. పైకెక్కి రేకు మీద నడవడం ప్రాణాంతకం, పాతది చటుక్కున విరుగుతుంది. కింద నుంచే నిచ్చెన మీద నిలబడి, రేకును పట్టి ఉంచే జే బోల్టు (J ఆకారపు బోల్టు) కొక్కేన్ని బోల్ట్ కట్టర్‌తో తెంచి, రేకును ముక్క కాకుండా దించాలి. మూతికి కర్చీఫ్ కట్టుకోవడం దండగ. అతి సన్నని పోగులను కూడా ఆపే పీ100 ఫిల్టర్ మాస్క్ పెట్టుకోండి, ఎన్95 దీనికి చాలదు. రాలిన పొడిని చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి గుడ్డతో సహా మందపాటి పాలిథీన్‌లో మూటకట్టండి. గుంతలు పూడ్చడానికి ముక్కలు కావాలని మేస్త్రీ అడుగుతాడు. ఇవ్వకండి.