డబ్లిన్ నుంచి గాల్వే కారులో వెళ్తున్నారా? ఎమ్50 టోల్ మర్చిపోకండి

డబ్లిన్ ఎయిర్‌పోర్టులో కారు అద్దెకు తీసుకుని ఐర్లండ్ పడమటి తీరంలోని గాల్వే బయల్దేరితే, డబ్లిన్ చుట్టూ వెళ్ళే ఎమ్50 హైవే మీద 6, 7 జంక్షన్ల మధ్య ఒక టోల్ పడుతుంది. గేటుండదు, బూత్ ఉండదు, ఎవరూ ఆపరు. కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది, అంతే. మర్నాడు రాత్రి 8 గంటల్లోపు మనమే కట్టాలి, లేదంటే పెనాల్టీ. కొత్తవాళ్ళకి టోల్ దాటిన సంగతే తెలియదు, బాధంతా అక్కడే.

కారు తాళాలు చేతికి రాగానే ఫోన్‌తో నంబర్ ప్లేటు ఫొటో తీసుకోండి. అక్కడి నంబర్లు 241-డి-12345 తరహాలో ఉంటాయి, గుర్తుపెట్టుకోవడం కష్టం. సుమారు 200 కిలోమీటర్ల దారిలో అథ్లోన్ అనే ఊరి దగ్గర ఎలాగూ టీకి ఆగుతారు. అక్కడే ఎమ్50 టోల్ కట్టే ఈఫ్లో (eFlow) సైట్ తెరిచి, ఫొటో చూసి నంబర్ కొట్టి, కార్డుతో కట్టేయండి. రెండు నిమిషాల పని. సాయంత్రం హోటల్‌కి చేరాక చూద్దాంలే అనుకుంటే ఆ అలసటలో గుర్తుండదు. కార్డు పనిచేయకపోతే పేజోన్ (Payzone, బిల్లులు కట్టే సర్వీసు) బోర్డున్న దుకాణంలో నగదు కట్టొచ్చు.

ఇదే దారిలో ఎమ్4, ఎమ్6 మీద కూడా టోళ్ళున్నాయి. వాటికి మామూలు బూత్‌లే. పది యూరోల చిల్లర చేతికందేలా పెట్టుకుంటే రెండింటికీ చాలు.

ఒక్క జాగ్రత్త: కొన్ని అద్దె కంపెనీలు ఎమ్50 టోల్ తామే కట్టి, తర్వాత మన కార్డు నుంచి తీసుకుంటాయి. అలాంటి కారుకి మనమూ కడితే డబ్బు రెండుసార్లు పోతుంది. తాళాలు తీసుకునేటప్పుడే కౌంటర్లో అడిగేయండి.