సన్‌డ్యూ కుండీ మార్చే ముందు

ఇవి మా ఇంట్లో ఉన్న కేప్ సన్‌డ్యూ (బంక ఆకులతో పురుగుల్ని పట్టి తినే మొక్క) కోసం రాసుకున్న జాగ్రత్తలు. దీని సొంతూరు దక్షిణాఫ్రికా. పోషకాలు అంతగా లేని తడినేలలో పెరుగుతూ, ఆ లోటును పురుగులతో తీర్చుకుంటుంది. కాబట్టి మనం ప్రేమతో వేసే ఎరువే దీనికి విషం.

• మట్టి: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, నర్సరీ మిక్స్ ఏవీ వద్దు. పీట్ మాస్ (చిత్తడి నేలల్లో పేరుకున్న పాత నాచు), పెర్లైట్ (తెల్లటి తేలికైన రాతి గుళికలు) సమపాళ్లలో చాలు. పీట్ ప్యాకెట్ మీద ఎరువు కలిపినట్టు ఉంటే కొనకండి. కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) ఉప్పు ఉండొచ్చు, నేనైతే దాని జోలికి పోను.

• నీళ్లు: ముందే సరిపడా పట్టి ఉంచుకోండి. వాన నీరు లేదా డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు అసలు వద్దు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 50 పీపీఎం లోపు ఉన్న ఆర్వో నీళ్లయితే ఫర్వాలేదు. మినరల్ వాటర్ బాటిల్ చూసి మోసపోకండి, పేరులోనే ఖనిజాలున్నాయి!

• కుండీ: అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్‌ది, 4-5 అంగుళాల లోతు. మట్టికుండీ నుంచి లవణాలు దిగుతాయి.

• పీట్‌ను ముందే తడిపి పెట్టుకోండి. పొడి పెర్లైట్ దుమ్ము లేస్తుంది, మాస్క్ ఉండాలి.

• వేర్లు నల్లగా కనిపిస్తే కుళ్లాయని టెన్షన్ పడి కత్తిరించకండి. వాటి రంగే అంత. పాత మట్టిముద్దతో సహా ఎత్తండి.

• ఆకుల బంకను ముట్టుకోవద్దు. మార్చాక కొన్నాళ్లు బంక ఆరిపోవడం మామూలే.

• నడి ఎండాకాలంలో ఈ పని పెట్టుకోకండి.