హ్యాండిల్ వంకర పోయిందని హ్యాండిల్ కొనకండి: పడిన బండికి ఇంట్లో రిపేరు

బండి మలుపులో ఇసుక మీద జారింది. లేదా స్టాండ్ సరిగ్గా పడక నిలబెట్టిన చోటే పక్కకు ఒరిగింది. మీకేమీ కాలేదు, బండికి కూడా పైకి గీతలు తప్ప ఏమీ కనిపించడం లేదు, కానీ నడిపితే మునుపటిలా లేదు. నేను రాసేది అలాంటి బండి గురించే. దేన్నైనా ఎదురుగా గట్టిగా గుద్దిన బండి అయితే దాన్ని నడపకుండా, చాసిస్ కొలిచి చూసే వర్క్‌షాపుకి ఎక్కించి పంపండి. స్పానర్ పట్టడం, చక్రం విప్పి బిగించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

సమస్య: పడ్డాక స్టార్ట్ కావడం లేదు

కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్‌ని ఆపే ఎర్ర స్విచ్) చూడండి. "చూశానండీ" అంటారు అందరూ. మళ్లీ చూడండి. పడ్డప్పుడు చేయి తగిలి అది ఆఫ్ అయి ఉంటుంది, లేదా సాయానికి పరిగెత్తుకొచ్చిన వాళ్లెవరో తిరుగుతున్న ఇంజిన్‌ని ఆపడానికి నొక్కి ఉంటారు. ట్యాంకు దించి, ప్లగ్ విప్పి, బ్యాటరీ మార్చి చివరికి నాకు ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. నేను చేసిందల్లా బొటనవేలితో ఆ ఎర్ర స్విచ్‌ని ఇటు నొక్కడమే.

అది ఆన్‌లోనే ఉంటే తాళం ఒకసారి ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో చాలావాటికి, బండి ఒరిగితే ఇంజిన్‌ని ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టినా తాళం తిప్పేదాకా అది వదలదు. సెల్ఫ్ అసలు తిరగకపోతే న్యూట్రల్‌లో పెట్టి చూడండి. అప్పుడు తిరిగితే క్లచ్ లివర్ వంగి దాని కింది చిన్న స్విచ్ నొక్కుకోవడం లేదని, లేదా సైడ్ స్టాండ్ వంగి దాని స్విచ్ తప్పు చెబుతోందని అర్థం. కార్బొరేటర్ బండిలో పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే చోక్ జోలికి వెళ్లకండి. పది నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని స్టార్ట్ చేయండి.

బండి చాలాసేపు పక్కకు పడి ఉంటే మాత్రం ముందు ఇంజిన్ ఆయిల్ లెవెల్ చూడండి. సెల్ఫ్ నొక్కగానే ఇంజిన్ సగం తిరిగి టక్కున ఆగిపోతే రెండోసారి నొక్కొద్దు, సిలిండర్‌లోకి ఆయిలో పెట్రోలో చేరి ఉండొచ్చు. ద్రవాన్ని నొక్కి కుదించలేం కాబట్టి, బలవంతం చేస్తే వంగేది కనెక్టింగ్ రాడ్. ప్లగ్ విప్పి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఉన్నదేదో ప్లగ్ రంధ్రంలోంచి బయటికి వస్తుంది, గుడ్డ అడ్డం పెట్టుకోండి. ఆ తర్వాత స్టార్ట్ చేస్తే కాసేపు నీలంగా పొగ వస్తుంది. కంగారు పడక్కర్లేదు. పొగ ఆగకపోతే ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరవండి. పేపర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంటే మార్చాల్సిందే, ఉతికితే పనికి రాదు.

సమస్య: బండి తిన్నగా పోతోంది, హ్యాండిల్ మాత్రం పక్కకు చూస్తోంది

నా డబ్బూ పరువూ రెండూ తీసింది ఇదే. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిసారి నా బండి ఎడమ వైపు పడింది. లేపి నడిపితే చక్రం తిన్నగానే పోతోంది, హ్యాండిల్ ఎడమ చివర మాత్రం నా పొట్ట వైపు వచ్చింది. హ్యాండిల్ వంగిందనుకున్నాను, ఎవరైనా అదే అనుకుంటారు. కొత్తది తెచ్చి, గ్రిప్పులు, స్విచ్‌లు, కేబుళ్లు అన్నీ మార్చడానికి ఒక ఆదివారం పోయింది. బిగించాక చూస్తే కొత్త హ్యాండిల్ కూడా అచ్చం పాతదానిలాగే పక్కకు చూస్తోంది. పాతదాన్ని నేల మీద పెట్టి చూశాను, సూటిగా ఉంది. ఒక మెకానిక్‌కి చూపిస్తే చాసిస్ బెండ్ అన్నాడు. ఇంకొకాయన ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్క్ రాడ్లు రెండూ మార్చాలన్నాడు. ఆ టెన్షన్‌తో రెండు వారాలు బండి ముట్టుకోలేదు. చివరికి తేలిందేమిటంటే బండిలో ఒక్క భాగం కూడా వంగలేదు.

జరిగింది ఇదీ. ముందు చక్రానికి, హ్యాండిల్‌కి మధ్య వెల్డింగ్ ఏమీ లేదు, ఉన్నది బిగింపు పట్టు మాత్రమే. రెండు ఫోర్క్ రాడ్లను కలిపి ఉంచే అడ్డ దిమ్మలు రెండు ఉంటాయి, వాటినే టీ అంటారు; పైన పై టీ, కింద కింది టీ రాడ్లను బోల్టులతో నొక్కి పట్టుకుంటాయి. బండి పడ్డప్పుడు హ్యాండిల్ చివర నేలకు కొట్టుకుని ఒక వైపు తోస్తుంది, చక్రం కదలకుండా ఉంటుంది. ఆ మెలికకి పై టీ, కింది టీ ఒకదానికొకటి కొంచెం తిరిగిపోతాయి. రాడ్లు సూటిగానే ఉంటాయి, కానీ ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు. బోల్టులు బిగువుగానే ఉంటాయి, ఎక్కడా గీత కూడా పడదు. అందుకే కంటికి దొరకదు. మధ్యలో 3 డిగ్రీలు తిరిగితే చాలు, అక్కడికి 38 సెంటీమీటర్ల దూరంలో ఉన్న గ్రిప్ చివర దాదాపు 2 సెంటీమీటర్లు తేడా వస్తుంది. చూసేవాళ్లకి పెద్ద బెండ్‌లా కనిపించేది ఈ లెక్క వల్లే.

తేల్చుకోవడానికి ఒక్క నిమిషం పడుతుంది, అందరూ ఎగ్గొట్టేదీ ఈ నిమిషాన్నే. బండి మీద కూర్చుని ముందు చక్రాన్ని తిన్నగా పెట్టండి. హ్యాండిల్‌ని చూడకండి, పై టీని చూడండి. పై టీ చక్రానికి సరిగ్గా అడ్డంగా ఉండి హ్యాండిల్ మాత్రమే వంకరగా ఉంటే, తప్పు హ్యాండిల్‌దో, దాన్ని పట్టుకున్న క్లాంపులదో, వాటి కింది రబ్బరు బుష్‌లదో. రాడ్లకే నేరుగా బిగించే విడివిడి హ్యాండిళ్లున్న బండి అయితే ఆ హ్యాండిల్ రాడ్ చుట్టూ తిరిగి ఉండొచ్చు, బోల్టు వదులు చేసి తిప్పుకోండి. పై టీయే వంకరగా ఉంటే ఫోర్క్ మెలికపడింది. ఇంకా అనుమానంగా ఉంటే, రాడ్లు నున్నగా బయటికి కనిపించే చోట రెండింటి మీదా అడ్డంగా ఒక చదునైన గాజు పలక ఆనించండి. నాలుగు మూలలూ ఆనితే రాడ్లు సమాంతరం. పలక ఊగితే మెలిక ఉన్నట్టే.

ఇక సరిచేయడం. బండి రెండు చక్రాల మీదా నేల మీదే ఉండాలి, సైడ్ స్టాండ్ మీద కాకుండా ఎవరైనా నిటారుగా పట్టుకోవాలి. కింది టీ బోల్టులు వదులు చేయండి. పై టీ మధ్యలో ఉన్న పెద్ద నట్టు ఒక పావు చుట్టు వదులు చేయండి, దాని కింద బేరింగ్ అడ్జస్ట్ చేసే నట్టు ఉంటుంది, దాన్ని తాకొద్దు. యాక్సిల్ నట్టు, యాక్సిల్‌ని పక్క నుంచి పట్టుకునే చిన్న బోల్టు ఉంటే అదీ వదలండి. పై టీలో రాడ్లను పట్టుకున్న బోల్టులు మాత్రం వదలొద్దు. పైనా కిందా రెండూ వదిలేస్తే బండి ముందు భాగం రాడ్ల మీదుగా కిందికి జారిపోతుంది, కింద చేతులుంటే అంతే సంగతులు.

ఇప్పుడు మడ్‌గార్డ్. దాని బోల్టులు కూడా వదలాలి. రెండోసారి నేను దెబ్బతిన్నది ఇక్కడే. చాలా బళ్లలో మడ్‌గార్డ్‌కి ఇనుప బ్రాకెట్ ఉంటుంది, రెండు ఫోర్క్ కాళ్లనూ కలిపి పట్టుకునేది అదే. మిగతావన్నీ వదిలి దాన్ని వదలకపోతే, సరిచేసిన ఫోర్క్‌ని అది మళ్లీ పాత మెలికలోకే లాక్కుపోతుంది. నాకు కొద్ది రోజుల్లోనే హ్యాండిల్ మళ్లీ పక్కకు చూడటం మొదలుపెట్టింది. ఈసారి నిజంగానే చాసిస్ అనుకున్నాను. నాలుగు చిన్న బోల్టుల పని అది.

అన్నీ వదిలాక బండికి ఎదురుగా నిలబడి, ముందు చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టి, హ్యాండిల్‌ని వంకరకు వ్యతిరేక దిశలో లాగండి. కుదుపులొద్దు, నెమ్మదిగా బలం పెంచండి. ఒక్కోసారి కట్ మని చప్పుడొచ్చి దానంతటదే సర్దుకుంటుంది. మళ్లీ మీద కూర్చుని చూడండి, గాజు పలక పెట్టి చూడండి. సరిపోయాక ముందు బ్రేక్ పట్టుకుని ఫోర్క్‌ని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలండి. తర్వాత పై టీ మధ్య నట్టు, కింది టీ బోల్టులు, యాక్సిల్ నట్టు బిగించండి. మళ్లీ నాలుగుసార్లు ఫోర్క్ నొక్కండి. ఆ తర్వాతే యాక్సిల్ పక్క బోల్టు, చివరగా మడ్‌గార్డ్. పక్క బోల్టు ముందే బిగిస్తే ఫోర్క్ కాళ్లు లోపలికో బయటికో లాగబడి, సస్పెన్షన్ గరగరలాడుతూ పని చేస్తుంది. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది, టార్క్ రెంచ్‌తోనే బిగించండి. కింది టీ బోల్టులు రెండుంటే ఒకటి మార్చి ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. "ఎందుకైనా మంచిది" అని ఇంకో చుట్టు వేస్తే అల్యూమినియం టీ చిట్లుతుంది. ఆఖర్న ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ రెండు వైపులా తిప్పండి, ఫోర్క్ కాళ్లను ముందుకీ వెనక్కీ ఊపండి. హ్యాండిల్ బిగుసుకోకూడదు, ఫోర్క్ లూజ్‌గా కొట్టుకోకూడదు.

ఇంత చేసినా వంకర పోకపోతే అప్పుడు రాడ్ల మీద అనుమానపడండి. కింది టీకి కాస్త కిందుగా రాడ్ మీద ముడత ఉందేమో వేలితో తడమండి, ఆయిల్ సీల్ కారుతోందేమో చూడండి. రాడ్ విప్పి గాజు మీద దొర్లిస్తే వంపు తెలుస్తుంది. చాలా మాన్యువళ్లు 0.2 మిల్లీమీటర్ల దాకానే ఒప్పుకుంటాయి. వి ఆకారపు దిమ్మల మీద పెట్టి డయల్ గేజ్‌తో కొలిస్తే, ముల్లు చూపించిన దానిలో సగమే అసలు వంపు. ముడత పడిన రాడ్‌ని ప్రెస్‌లో పెట్టి సూటిగా చేస్తామంటే ఒప్పుకోకండి, కొత్తది వేయండి.

సమస్య: యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ వేగం తగ్గడం లేదు

కుడి వైపు పడితే హ్యాండిల్ చివరి బరువు లోపలికి నొక్కుకుని గ్రిప్‌కి రాసుకుంటుంది. అంతే. ఇంజిన్ ఆఫ్ చేసి గ్రిప్ పూర్తిగా తిప్పి వదిలేయండి, టప్పున వెనక్కి రావాలి. హ్యాండిల్ పూర్తిగా ఎడమకీ పూర్తిగా కుడికీ పెట్టి కూడా ఇదే చూడండి. గ్రిప్‌ని రెండు మిల్లీమీటర్లు లోపలికి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. హ్యాండిల్ తిప్పినప్పుడే ఇంజిన్ వేగం పెరుగుతుంటే కేబుల్ ఎక్కడో ఇరుక్కుంది. ఇది తేలేదాకా బండి వీధిలోకి తీయొద్దు.

సమస్య: గేర్ సరిగ్గా పడటం లేదు

గేర్ లివర్ లోపలికి వంగి ఇంజిన్ కవర్‌కి తగులుతోంది, కవర్ మీద దాని మచ్చ కూడా కనిపిస్తుంది. లివర్‌ని బండి మీదే ఉంచి పైపు పెట్టి వంచడం అందరూ చేసే తప్పు. లివర్‌తో పాటు లోపలి షాఫ్ట్ వంగుతుంది, వారం తర్వాత అక్కడ ఆయిల్ కారడం మొదలవుతుంది. బోల్టు విప్పి లివర్ బయటికి తీయండి, తీసేముందు షాఫ్ట్ మీద అది ఏ పన్నులో కూర్చుందో గుర్తు పెట్టుకోండి. ఇనుముదైతే వైస్‌లో బిగించి వంచుకోవచ్చు, అల్యూమినియందైతే మార్చండి. బ్రేక్, క్లచ్ లివర్లకీ ఇదే మాట. ఒకసారి వంగిన అల్యూమినియం లివర్‌ని చేత్తో సూటిగా చేస్తే అప్పటికి బాగానే ఉంటుంది, విరిగేది మీరు గట్టిగా బ్రేక్ పట్టిన రోజున.

సమస్య: ముందు బ్రేక్ మెత్తగా దిగుతోంది

బండి పక్కకు పడి ఉన్నప్పుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలోంచి గాలి లైన్‌లోకి వెళ్లింది. లెవెల్ చూసి, డబ్బా మూత మీద రాసిన రకం ఆయిలే పోసి, బ్లీడ్ చేయండి, అంటే లైన్‌లోని గాలిని బయటికి పంపండి. లీకు లేకపోతే ఇంకేమీ లేదు.

మిగతావి

బండి ఒక పక్కకు లాగుతుంటే మొదట వెనక చక్రం దగ్గరి చైన్ అడ్జస్టర్ గుర్తులు రెండు వైపులా ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. రిమ్ పక్కన పెన్సిల్ ఆనించి చక్రం తిప్పితే బెండ్ తెలుస్తుంది. స్పోకుల చక్రమైతే సరిచేయించవచ్చు, అల్లాయ్‌లో చీలిక ఉంటే అది ఇక తిరగకూడదు. హ్యాండిల్ తిప్పినప్పుడు లైట్లు ఆరిపోతుంటే చాసిస్ హెడ్ (హ్యాండిల్ తిరిగే చాసిస్ ముందు భాగం) దగ్గర వైరు నలిగింది. హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంటే దాని బ్రాకెట్ వంగింది, చేత్తో లాగండి. హ్యాండిల్ ట్యాంకుకి తగిలేదాకా తిరుగుతుంటే మాత్రం దాన్ని ఆపే స్టాపర్ విరిగిందో, చాసిస్ హెడ్ దెబ్బతిందో. అది ఇంటి పని కాదు.