కందిరీగలు ఈ ఏడు పెరిగాయా, తగ్గాయా? ఇంటి దగ్గరే తేల్చుకునే పద్ధతి

ముందుగా ఒక మాట. ఎగిరే కందిరీగల్ని చూసి లెక్క కట్టకండి, తుట్టెలు లెక్కపెట్టండి. మా గుంటూరు ఎండల్లో ఒకే తుట్టెలోని నాలుగైదు కందిరీగలు పొద్దస్తమానం కుళాయి చుట్టూ తిరుగుతుంటాయి. నీళ్లు తీసుకెళ్లి గూటి గదుల మీద చుక్కలుగా పెట్టి, రెక్కలతో విసిరి చల్లబరుస్తాయి. చూసేవాళ్లకేమో ఇంటినిండా అవే ఉన్నట్టు అనిపిస్తుంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. నెలకొకసారి, ఎండెక్కకముందే ఇల్లంతా చుట్టి రండి. సన్‌షేడ్ల అడుగున, మెట్ల కింద, ఏసీ బయటి యూనిట్ వెనక, మోటారు షెడ్డులో చూడండి. దగ్గరికి వెళ్లొద్దు, ఫోన్‌లో జూమ్ చేసి ఫొటో తీస్తే చాలు. తుట్టె ఎక్కడుందో, ఎన్ని గదులున్నాయో, వాటిలో ఎన్నింటికి తెల్లటి మూతలున్నాయో రాయండి. మూత పడిన గదిలో ప్యూపా, అంటే రెక్కల కందిరీగగా మారుతున్న పురుగు, ఉంటుంది. మూతలు ఎక్కువున్నాయంటే త్వరలో కందిరీగలు పెరుగుతాయి.

నెలనెలా ఎందుకంటే, ఇంగ్లండ్ లాంటి చలి దేశాల్లో చలికాలానికి గూడంతా చచ్చిపోయి కొత్త రాణులే మిగులుతాయి. వాటికి వసంతం అనుకూలించకపోతే ఆ వేసవిలో కందిరీగలు తగ్గుతాయి. మన దగ్గర అలా కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) శాస్త్రవేత్త రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా పరిశోధించిన రోపాలిడియా మార్జినేటా అనే మన దేశపు కందిరీగ ఏడాదిలో ఎప్పుడైనా కొత్త గూడు మొదలుపెడుతుంది. అందుకని మే నెలలో ఒక్కసారి చూసి ఏమీ తేల్చలేం.

ఇక కారణాలు. నేను అన్నిటికన్నా ముందు చూసేది గొంగళిపురుగుల్ని. మా మేడ మీద వంగ మొక్క దగ్గర నిలబడితే తెలుస్తుంది: కందిరీగ ఆకు అడుగున దూరి పురుగును పట్టి, నమిలి నమిలి ఆకుపచ్చ ఉండలా చేసి గూటికి పట్టుకెళ్తుంది. అది పిల్లల తిండి. మిరప, పత్తి చేలు ఖాళీ అయ్యాక, లేదా చుట్టుపక్కల పురుగుమందు గట్టిగా కొట్టాక ఆ తిండి దొరకదు. మందు నేరుగా కందిరీగల్నీ చంపుతుంది. కాబట్టి చుట్టుపక్కల మందు కొట్టిన తేదీలు తప్పకుండా రాయండి.

ఒంటరి ఆడ కందిరీగ కట్టిన చిన్న గూటిని వేరుగా గుర్తుపెట్టండి. ఆ ఆడ కందిరీగ ఒక్కటి పోతే పిల్లలు ఆకలితో చస్తాయి. గూడు చెక్కుచెదరకుండా ఉండి గదులు మాత్రం ఖాళీ అయ్యాయంటే చీమల్నో, పొట్టకు పసుపుపట్టీ ఉన్న పెద్ద నల్ల కందిరీగనో అనుమానించండి. ఆ పెద్దది చిన్న కందిరీగల పిల్లల్ని ఎత్తుకుపోయి తన పిల్లలకు పెడుతుంది. గాలివాన పడిన రోజులూ రాసుకోండి. గూడు నమిలిన చెక్కపొట్టుతో చేసిన కాగితమే గదా, చూరు లేనిచోట ఉంటే నిలవదు.

గుమ్మం పక్కనో, పిల్లలు ఆడేచోటో తుట్టె ఉంటే తెలిసినవాళ్లతో తీయించాల్సిందే. ఎవరికీ అడ్డంలేనిదాన్ని మాత్రం కాగడాతో కాల్చకండి, మన కాయగూరల పురుగుల్ని తినేవి అవే. ఎవరికైనా కుట్టాక ఊపిరాడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తీసేసిన గూళ్లను విడిగా రాయకపోతే మనిషి చేసిన పనిని వాతావరణం ఖాతాలో వేసేస్తాం. వచ్చే ఏడు అదే నెల పేజీని ఈ ఏటి పేజీ పక్కన పెట్టి, ముందు తుట్టెల లెక్క, మూతల లెక్క చూడండి, ఆ తర్వాత మందు తేదీలు, వాన తేదీలు.