పాత పికప్‌కు డీజిల్ ఇంజిన్ – 5వ పాఠం: సెల్ఫ్ కొట్టే ముందు బ్రేకు

పోయిన పాఠంలో 2498 సీసీ ఎక్స్‌డీ3పీ డీజిల్ ఇంజిన్‌ను చైన్ పుల్లీతో దించి మౌంటింగుల మీద కూర్చోబెట్టాం. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే డొప్ప) బోల్టులు చేత్తోనే తిరిగి ఉండాలి. గేర్‌బాక్సు అతుక్కోలేదని స్పానరు పెట్టి బలవంతంగా లాగినవాళ్లుంటే ఇక్కడే ఆగి విప్పి చూడండి, పైలట్ బేరింగ్ (గేర్‌బాక్సు షాఫ్టు కొస ఆనే బేరింగ్) దెబ్బతిని ఉండొచ్చు.

ఇక ఇంజిన్ పలకాలని అందరికీ తొందరే. ముందు బ్రేకు సంగతి చూద్దాం.

మన పికప్ మొదట పెట్రోల్‌ది, బ్రేక్ బూస్టర్ (పెడలు మీద కాలి బలాన్ని పెంచే డబ్బా) ఉన్నది. పెట్రోల్ ఇంజిన్‌లో యాక్సిలరేటర్ వదలగానే త్రాటిల్ (గాలి దారిని మూసే రేకు) మూసుకుంటుంది, మానిఫోల్డులో (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టంలో) వాక్యూమ్ పుడుతుంది. ఆ వాక్యూమే బూస్టర్‌కు బలం. ఈ డీజిల్ ఇంజిన్‌కు త్రాటిల్ లేదు. గాలి ఎప్పుడూ ధారాళంగా పోతూనే ఉంటుంది, డీజిల్‌నే దాని పంపు తగ్గించి పెంచుతుంది. కాబట్టి పాత పైపును కొత్త మానిఫోల్డుకు తగిలిస్తే బూస్టర్‌కు అందేది ఏమీ ఉండదు. వాక్యూమ్ పంపు వేరుగా కావాలి. చాలా ఇంజిన్లకు అది డైనమో వెనకే వస్తుంది. పాత ఇంజిన్ కొనేటప్పుడు ఆ డైనమోతో సహా అడిగి తీసుకోండి.

వాక్యూమ్ పంపుకు ఇంజిన్ ఆయిల్ అందాలి, తిరిగి ఇంజిన్ అడుగున ఉన్న ఆయిల్ చాంబరులోకి దిగాలి. తిరిగొచ్చే పైపు లావుగా, ఎక్కడా మడత లేకుండా, పైనుంచి కిందికి వాలుగా ఉండాలి. అది మూసుకుంటే ఆయిల్ సీలు దాటి డైనమోలోకి పోతుంది.

బూస్టర్ పైపు విషయంలో నేను ఒకసారి తప్పు చేశాను. దళసరి వాక్యూమ్ పైపు దొరకలేదని మామూలు పెట్రోల్ పైపు వేశాను. చిత్తూరులో చల్లటి పొద్దున బాగానే పట్టింది. మధ్యాహ్నం పలమనేరులో టమాటా బాక్సులు ఎత్తుకుని మొగిలి ఘాట్ దిగుతుంటే పైపు వేడికి మెత్తబడి లోపలికి అణిగిపోయింది. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌తో రెండుసార్లు బ్రేకు పడింది. మూడోసారి పెడలు రాయిలా నిలబడింది. రెండో గేరుకు తెచ్చి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ కొండ పక్కకు ఒరిగించి ఆపాను. పక్కన మా తమ్ముడున్నాడు. ఆ రోజు వాడి ముఖం నాకింకా గుర్తుంది. ఈ పాఠం ఇంత విడమరిచి రాయడానికి కారణం అదే.

పరీక్ష తేలిక. ఇంజిన్ ఆపి పెడలు గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చేయండి. పెడలు కాలికింద కొంచెం దిగాలి. దిగలేదంటే వాక్యూమ్ అందట్లేదు. వేడెక్కాక ఇంకోసారి చూడండి, నాకు తప్పింది అక్కడే.

స్టార్ట్ చేయాలంటే డీజిల్ లైనులో గాలి పోవాలి. ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టండి, బుడగలు ఆగాక బిగించండి. తర్వాత డీజిల్ పంపు దగ్గర కూడా అంతే. చివరికి ఇంజెక్టర్ల (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర నట్లు అర చుట్టు వదిలి సెల్ఫ్ కొడితే డీజిల్ చెమర్చుతుంది, అప్పుడు బిగించాలి. ఇంజెక్టరు చిమ్మే డీజిల్ ముందు చెయ్యి పెట్టొద్దు. వంద బార్ పైన ఒత్తిడి, చర్మంలోకి దూరుతుంది. అలా జరిగితే గాయం చిన్నదైనా వెంటనే ఆసుపత్రికి పోవాలి. గ్లో ప్లగ్గులు (ఇంజిన్ లోపల వేడి పుట్టించేవి) వేడెక్కనిచ్చి సెల్ఫ్ కొట్టండి. ఒకసారికి పదిహేను సెకన్లు మించొద్దు, బ్యాటరీకీ సెల్ఫ్‌కూ విరామం ఇవ్వండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి పీల్చే నోటికి సరిపోయే చెక్క పలక పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. డీజిల్ పంపు ఇరుక్కుంటే తాళం తిప్పినా ఇంజిన్ ఆగదు, రొద పెంచుకుంటూ పోతుంది. అప్పుడు గాలి మూయడమే మార్గం. గుడ్డా, అరచెయ్యీ పనికిరావు.

వచ్చే పాఠంలో డీజిల్ రిటర్న్ లైను, ట్యాంకు కడగడం. ఆ తర్వాతి పాఠంలో ఆర్సీలో ఇంజిన్ మార్పు ఎక్కించడం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీని గురించే చెబుతుంది, కనుక ఇంజిన్ కొన్న రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. ట్యాంకు పనికి పాత పెట్రోలు పూర్తిగా తీసేసి, రెండు రోజులు మూత తెరిచి ఎండలో ఆరబెట్టండి. దగ్గర్లో బీడీ, వెల్డింగు ఉండకూడదు.