డైపోల్–డైపోల్ శక్తి: నాలుగో పాఠం

ఈసారి నేరుగా రెండు డైపోల్‌ల (ఒక చివర ధనం, ఇంకో చివర ఋణం ఉన్న జంటల) మధ్య శక్తిలోకి దిగాల్సింది. మూడో పాఠం చివరి లెక్కకు మీరు పంపిన జవాబులు చూశాక అది కుదరదని తేలిపోయింది. లెక్క చిన్నదే. సోడియం అయాన్‌కు 2.4 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఒక నీటి అణువు, దాని ఆక్సిజన్ అయాన్ వైపు తిరిగి ఉంది. శక్తి ఎంత? అంకె దాదాపు అందరికీ వచ్చింది, మోల్‌కు 93 కిలోజౌళ్లు. గుర్తు దగ్గరే, అంటే ప్లస్సా మైనస్సా అన్న దగ్గరే గొడవ. గుంతకల్లు నుంచి ఒకమ్మాయి పంపిన నోట్‌బుక్ ఫొటోలో బాణం మొన ఒకవైపు గీసి, రబ్బరుతో చెరిపి, రెండోవైపు గీసి, మళ్లీ చెరిపి, చివరికి అక్కడ కాగితం పలచబడి వెనక పేజీలోని లెక్క కనిపిస్తోంది.

ఏమప్పా, సూత్రం రాసే ముందు బొమ్మ చూడకూడదా? ఆక్సిజన్ చివర ఋణం, సోడియం ధనం. ఒకదాన్నొకటి లాక్కుంటాయి. శక్తి మైనస్ కాక ఇంకేమవుతుంది? ఉప్పు నీళ్లలో కరిగి వేరుశెనగ నూనెలో అడుక్కి చేరడం వెనక ఉన్నది ఇలాంటి మైనస్ అంకెలే. నేనైతే ముందు బొమ్మను బట్టి గుర్తు రాసేసుకుంటా, సూత్రాన్ని అంకె కోసమే వాడతా.

అయినా తప్పు ఎక్కడ పుట్టిందో చూడాలి. ఆర్ అనే దూరం ఎంతో అందరికీ తెలుసు. ఆర్ క్యాప్, అంటే ఆ దూరం ఏ దిక్కున ఉందో చూపే ఒక యూనిట్ పొడవు బాణం, ఎక్కడ బయల్దేరి ఎటు పోతుందో మాత్రం ఎవరూ రాయరు. అనంతపురం నుంచి తాడిపత్రికి, తాడిపత్రి నుంచి అనంతపురానికి కిలోమీటర్లు అవే. కానీ ఒక బస్సు ఈశాన్యానికి పోతుంది, ఇంకోటి నైరుతికి. బోర్డు చూడకుండా ఎక్కితే ఎలా?

ఆవేశం నుంచి డైపోల్ వైపు ఆర్ క్యాప్ గీస్తే:

శక్తి = − కె × క్యూ × (పి · ఆర్ క్యాప్) ÷ ఆర్²

ఇందులో కె కూలుంబ్ స్థిరాంకం, క్యూ ఆవేశం, పి డైపోల్ బలాన్నీ దిక్కునూ చూపే బాణం, మధ్యలో చుక్క డాట్ ప్రోడక్ట్. డైపోల్ నుంచి ఆవేశం వైపు గీస్తే ముందున్న మైనస్ ప్లస్ అవుతుంది. రెండూ ఒప్పే. ఒక సూత్రంలోని మైనస్‌ను తీసుకుని రెండో సూత్రంలోని బాణాన్ని పెట్టడమే తప్పు.

దీనికి తోడు కెమిస్ట్రీ పుస్తకాల బాణం ఒకటి. ఫిజిక్స్‌లో పి ఋణం నుంచి ధనం వైపు పోతుంది. కెమిస్ట్రీలో తోక మీద అడ్డగీత పెట్టి ధనం నుంచి ఋణం వైపు గీస్తారు. ఇంటర్‌లో రెండూ చదివినవాళ్లకు చెయ్యి ఎటు అలవాటైతే అటే పోతుంది. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఆర్ క్యాప్‌నూ తలకిందులు చేసి పి బాణాన్నీ తలకిందులు చేసినవాళ్లకు మైనస్ 93 చక్కగా వచ్చింది! "కరెక్టే కదా సార్" అంటారు. జవాబు కరెక్టే, మీరు కాదు.

ఇక ఈ పాఠం సూత్రం:

శక్తి = కె × [పి₁ · పి₂ − 3 (పి₁ · ఆర్ క్యాప్)(పి₂ · ఆర్ క్యాప్)] ÷ ఆర్³

రెండో డైపోల్ క్షేత్రంలో మొదటిదాన్ని పెడితే వచ్చేది ఇదే. మొదటిదాని క్షేత్రంలో రెండోదాన్ని పెట్టినా ఇదే వస్తుంది. రెండూ కూడితే శక్తిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. అంతకంటే చెప్పక్కర్లేదు.

సూత్రంలో ఆర్ క్యాప్ రెండుసార్లు ఉంది చూడండి. తిప్పేసినా మైనస్ ఇంటూ మైనస్, మార్పు లేదు. పి కూడా రెండుసార్లే, కాబట్టి రెంటికీ కెమిస్ట్రీ బాణమే వాడినా ఏమీ కాదు. ఈ సూత్రం మీ తప్పులన్నీ క్షమించేస్తుంది. అందుకే ఇందులో మార్కులు వచ్చాయని మురిసిపోకండి. డైపోల్–క్వాడ్రుపోల్‌కు (మొత్తం సున్నా అయ్యేలా ఎదురెదురు దిక్కుల్లో పెట్టిన డైపోల్‌ల జంట క్వాడ్రుపోల్) పోగానే కింద ఆర్⁴ వస్తుంది, పి ఒక్కటే మిగులుతుంది, ఆర్ క్యాప్‌లు బేసి సంఖ్యలో వస్తాయి. పాత గొడవ మళ్లీ మొదలు.

పి విలువలు సమానమనుకుని, కె పి² ÷ ఆర్³ను ఒక యూనిట్‌గా తీసుకుందాం. ఒకే గీత మీద ఒకదాని వెనక ఒకటి, ఒకే దిక్కు చూస్తుంటే −2. అదే గీత మీద ఎదురెదురుగా చూస్తే +2. పక్కపక్కన నిలబడి ఒకే దిక్కు చూస్తే +1, వ్యతిరేక దిక్కులు చూస్తే −1. ఒకటి గీత వెంట, రెండోది దానికి అడ్డంగా ఉంటే సున్నా. ఒకే దిక్కు చూస్తే ఎప్పుడూ ఆకర్షణే అనుకునేవాళ్లు ఆ +1 దగ్గర కాసేపు ఆగండి.

అంకెలు వేద్దాం. హైడ్రోజన్ క్లోరైడ్ డైపోల్ 1.08 డిబై, అంటే 3.6 × 10⁻³⁰ కూలుంబ్ మీటర్లు. రెండు అణువులు 4 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, −2 అమరికలో ఉంటే శక్తి సుమారు −3.6 × 10⁻²¹ జౌళ్లు. 300 కెల్విన్ దగ్గర ఉష్ణశక్తి 4.1 × 10⁻²¹ జౌళ్లు. అంటే వేడి ఆ అమరికను నిలవనివ్వదు, అణువులు తిరుగుతూనే ఉంటాయి. అలాగని సగటు సున్నా కాదు. తక్కువ శక్తి ఉన్న దిక్కుల్లో కాస్త ఎక్కువ సేపు ఉంటాయి కాబట్టి కొంచెం ఆకర్షణ మిగులుతుంది. ఆ సగటు ఆర్³తో కాదు, ఆర్⁶తో తగ్గుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే ఇంకా తగ్గుతుంది. 1921లో డచ్ భౌతిక శాస్త్రవేత్త కీసమ్ ప్రచురించిన ఫలితం ఇదే.

అభ్యాసం. కార్బన్ డయాక్సైడ్‌కు మొత్తం డైపోల్ సున్నా. కానీ దాన్ని రెండు డైపోల్‌లుగా విడదీయొచ్చు. రెండు ఆక్సిజన్‌ల నుంచీ కార్బన్ వైపు పోయే బాణాలు, ఒక్కోటి మధ్య నుంచి బి దూరంలో. ఆర్ దూరంలో అదే గీత మీద హైడ్రోజన్ క్లోరైడ్‌ను, హైడ్రోజన్ ఆక్సిజన్ వైపు చూసేలా పెట్టండి. పై సూత్రాన్నే రెండుసార్లు వాడి, బి చాలా చిన్నదనుకుని, శక్తి −12 కె పి పి′ బి ÷ ఆర్⁴ అని రాబట్టండి. పి అంటే హైడ్రోజన్ క్లోరైడ్ డైపోల్ విలువ, పి′ అంటే విడదీసిన ఒక్కో బాణం విలువ. తర్వాత హైడ్రోజన్ క్లోరైడ్‌ను తిప్పకుండా గీతకు రెండో చివరకు జరిపి గుర్తు చూడండి. చివరగా దాన్ని మొదటి చోటికే తెచ్చి, కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం గీతకు అడ్డంగా తిప్పండి. అప్పుడు శక్తి ఎంత? లెక్క వేసే ముందే ప్లస్సో మైనస్సో రాసి పంపాలి. ఆర్ క్యాప్ బయల్దేరిన చోట చుక్క పెట్టని కాగితాలు దిద్దను.