పెరటిలో బ్లూబెర్రీ – 3వ పాఠం: గంధకంతో నేలను ఆమ్లీకరించడం

గత పాఠంలో మట్టి పరీక్ష చేయించి, నేల ఉదజని సూచికను, అంటే పి.హెచ్.ను, తెలుసుకున్నాం. బ్లూబెర్రీకి అది 4.5 నుండి 5.5 మధ్య ఉండాలి. మీకు 6.5 వచ్చిందనుకుందాం. సూచికలో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత పదింతలవుతుంది కాబట్టి, 6.5 నుండి 4.5కు దించాలంటే ఆమ్లతను నూరింతలు పెంచాలి. వాడిన కాఫీ పొడితోనో, నిమ్మతొక్కలతోనో ఇంత మార్పు రాదు.

ఇందుకు వాడవలసినది గంధకం పొడి. అయితే గంధకం నేలలో పడగానే ఆమ్లంగా మారిపోదు. మట్టిలోని కొన్ని బాక్టీరియాలు దానిని నెలల తరబడి ఆక్సీకరించి గంధకామ్లంగా మార్చాలి. వాటికి వెచ్చదనం, తేమ, గాలి మూడూ కావాలి. న్యూజెర్సీ వంటి చోట్ల చలికాలంలో ఈ పని దాదాపు ఆగిపోతుంది. అందువల్ల వచ్చే వసంతంలో మొక్క నాటదలచినవారు ఈ వేసవిలోనే గంధకం కలిపి, నేలను తడిగా ఉంచాలి.

సూచిక ఒక అంకె తగ్గడానికి 100 చదరపు అడుగుల ఇసుక నేలకు సుమారు ముప్పాతిక పౌండు, గరప నేలకు (ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలిసినది) రెండు నుండి రెండున్నర పౌండ్లు పడుతుంది. బంకమట్టికి ఇంకా ఎక్కువ కావాలి. బ్లూబెర్రీ వేళ్లు లోతుకు పోవు కనుక పై ఆరు అంగుళాల మట్టిలో బాగా కలిపితే చాలు. మోతాదు పెద్దదైతే రెండు విడతలుగా వేయండి. గంధకానికి బదులు కొందరు వాడే అల్యూమినియం సల్ఫేట్ త్వరగా పనిచేస్తుందన్నది నిజమే. కానీ అది గంధకానికి ఆరింతలు కావాలి, ఎక్కువైతే అల్యూమినియం వేళ్లను దెబ్బతీస్తుంది. నేను దానిని సిఫారసు చేయను.

గంధకం కొనేముందు ఎండిన మట్టి మీద కొంచెం వెనిగర్ పోసి చూడండి. బుసబుసమని నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే. ఆరు అంగుళాల లోతున 100 చదరపు అడుగుల మట్టిలో సున్నం నూటికి ఒక వంతే ఉన్నా, దానిని కరిగించడానికే దాదాపు 15 పౌండ్ల గంధకం ఖర్చవుతుంది. ఆ తరువాతే సూచిక కదులుతుంది. డాలస్ చుట్టుపక్కల నల్లరేగడిలో సున్నం సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ. అక్కడివారు నేలతో పోరాడకుండా, పెద్ద కుండీలలో పీట్ మాస్ (సగం కుళ్లిన నాచు), పైన్ బెరడు కలిపి నాటుకోవడమే మేలు.

ఈ మొక్కకు ఆమ్ల నేల తప్పనిసరి అని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్ 1910లో వివరించారు. న్యూజెర్సీ రైతు ఎలిజబెత్ వైట్‌తో కలిసి ఆయన సాగుకు తెచ్చిన రకాల తొలి పంట 1916లో న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్ నుండి అమ్మకానికి వెళ్లింది. అది పైన్ బారెన్స్ ప్రాంతం; అక్కడి ఇసుక నేల సహజంగానే ఆమ్లమయం.

మన ఇళ్లలో మొక్కలకు అలవాటుగా వేసే కట్టెల బూడిదను, గుడ్డు పెంకులను ఈ మడిలో వేయకండి. రెండూ ఆమ్లతను తగ్గిస్తాయి. గంధకం కలిపిన మూడు నెలలకు మట్టిని మళ్లీ పరీక్షించి, ఆ అంకెను పాత అంకె పక్కన రాసుకోండి. కుళాయి నీటిలోని బైకార్బొనేట్లు ఆమ్లతను ఎలా తగ్గిస్తాయో తరువాతి పాఠంలో చూద్దాం.